కీచకుడి పేరు, విరాటుని కొలువు: విశ్వవిద్యాలయ ప్రాంగణంలో లైంగిక వేధింపుల ఫిర్యాదు – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అధ్యాపకుడిపై లైంగిక వేధింపు ఆరోపణ వచ్చినప్పుడు తెలుగు వార్తాశీర్షికల్లో ‘కీచక ప్రొఫెసర్’ అనే మాట తరచు కనిపిస్తుంది. ఆ మాట వ్యక్తి దుర్మార్గాన్ని చెబుతుంది. అతనికి అండగా నిలిచిన వ్యవస్థను చెప్పదు. విరాటపర్వంలోని సైరంధ్రి వృత్తాంతం ఈ రెండో విషయాన్ని విస్తారంగా చిత్రించింది. ఆ వృత్తాంతం వెలుగులో 2013 నాటి చట్టాన్నీ, విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2015 నిబంధనలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఫిర్యాదు భాష, గడువు, పరిశోధకురాలికీ పర్యవేక్షకుడికీ మధ్యనున్న సంబంధం, కమిటీ స్వతంత్రత, నివారణ అనే ఐదు అంశాలలో ఈ నిబంధనల బలాన్నీ లోపాలనూ చర్చించి, కొన్ని మార్పులను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లైంగిక వేధింపు, విశ్వవిద్యాలయం, అంతర్గత ఫిర్యాదుల కమిటీ, విరాటపర్వం, పరిశోధన పర్యవేక్షణ, ఫిర్యాదు భాష.

1. ఉపోద్ఘాతం

పురాణపాత్రల పేర్లు వాడుకలో సామాన్యనామాలుగా మారడం తెలుగులో కొత్త కాదు. కలహం పెట్టేవాడు నారదుడు, అతిగా నిద్రపోయేవాడు కుంభకర్ణుడు, పుల్లలు వేసేవాడు శకుని. అదే వరుసలో స్త్రీని వేధించేవాడు కీచకుడు. పాఠశాల ఉపాధ్యాయుడు మొదలుకొని విశ్వవిద్యాలయ ఆచార్యుడి దాకా, ఆరోపణ రాగానే పత్రికలు ఆ పేరు తగిలిస్తాయి.

ఈ వాడుక ఆగ్రహాన్ని సూటిగా ప్రకటిస్తుందనడంలో సందేహం లేదు. అయితే దానివల్ల రెండు నష్టాలు కలుగుతున్నాయి. విచారణ మొదలు కాకముందే తీర్పు వెలువడడం మొదటి నష్టం. రెండోది మరింత లోతైనది. కీచకుడంటే చూడగానే తెలిసిపోయే దుర్మార్గుడనే ఊహ ఆ పేరుతోపాటు స్థిరపడింది. పండితుడిగా, మంచి వక్తగా, విద్యార్థుల శ్రేయోభిలాషిగా పేరున్న అధ్యాపకుడు ఆ ఊహలో ఇమడడు. కాబట్టి అతనిపై ఫిర్యాదు వచ్చినప్పుడు సహోద్యోగులు మొదట అనుమానించేది ఫిర్యాదునే. “ఆయన అలాంటివారు కాదు” అనే మాట విచారణకు ముందే సాక్ష్యమై నిలుస్తుంది.

విచిత్రమేమంటే, ఆ పేరుకు మూలమైన కథ చెప్పేది ఒక్క కీచకుడి గురించే కాదు. ఆ కథలో ఒక ఉద్యోగిని ఉంది, ఒక యజమానురాలు ఉంది, ఒక కొలువు ఉంది, ఫిర్యాదు ఉంది, ఫిర్యాదు చేసినందుకు ఎదురైన ప్రతీకారమూ ఉంది. కీచకుణ్ణి గుర్తు పెట్టుకొని విరాటుని కొలువును మరచిపోవడం పఠనలోపం. ఆ లోపమే నేటి ప్రాంగణాలలో పరిపాలనా లోపంగా కొనసాగుతున్నదని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

2. సైరంధ్రి ఫిర్యాదు

అజ్ఞాతవాస కాలంలో ద్రౌపది సైరంధ్రి పేరుతో విరాటుని రాణి సుదేష్ణ వద్ద పనికి కుదురుతుంది. కీచకుడు రాణికి సోదరుడు, రాజ్యానికి సేనాపతి. అతని ఉద్దేశం తెలిసి కూడా, మద్యం తెమ్మనే నెపంతో సుదేష్ణ ఆమెను అతని ఇంటికి పంపుతుంది. వెళ్లలేనని సైరంధ్రి వేడుకున్నా రాణి వినదు. ఉద్యోగ బాధ్యత పేరిట ఒక స్త్రీని ప్రమాదంలోకి నెట్టిన ఘట్టమిది. నేటి పరిభాషలో చెప్పాలంటే ఇది పనిప్రదేశంలో జరిగిన వేధింపు. పైఅధికారి దానికి సహకరించారు.

తప్పించుకొని పరుగెత్తిన ద్రౌపదిని కీచకుడు రాజు ఎదుటే కాలితో తన్నుతాడు. ఆమె నిండు కొలువులో న్యాయం అడుగుతుంది. సేనాపతి బలంమీద ఆధారపడిన విరాటుడు అతణ్ణి శిక్షించలేకపోతాడు. కంకుభట్టు వేషంలో అక్కడే ఉన్న ధర్మరాజు, అజ్ఞాతవాసం బయటపడుతుందనే భయంతో, కులసతులు సభలో ఇలా నిలబడడం తగునా అని ఆమెనే మందలిస్తాడు. సభలో మిగిలిన దారి మూసుకుపోయాక ఆమె రాత్రివేళ వంటశాలలోని భీముణ్ణి ఆశ్రయిస్తుంది. కీచకవధ నర్తనశాలలో, చీకటిలో, రహస్యంగా జరుగుతుంది.

కథ అక్కడితో ఆగదు. కీచకుడి తమ్ములైన ఉపకీచకులు, అన్న చావుకు కారణం ఈమేనని, శవంతోపాటు ఆమెను కూడా దహించబోతారు. భీముడు వారినీ వధించాక, భయపడిన రాజు సైరంధ్రిని ఊరు విడిచి వెళ్లమని రాణిచేత చెప్పిస్తాడు. ఆమె మరో పదమూడు రోజుల గడువు కోరవలసి వస్తుంది.

ఈ వరుసను గమనించాలి. పైఅధికారి సహకారం, కొలువు మౌనం, ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడిపై మందలింపు, నిందితుడి వర్గం ప్రతీకారం, చివరికి ఫిర్యాదు చేసినామెనే పంపించివేయడం: ఈ ఐదింటిలో ఏదీ కీచకుడి వ్యక్తిగత దుర్గుణం కాదు. సంస్థ న్యాయం చేయనప్పుడు న్యాయం నర్తనశాలకు వెళుతుందని కూడా కథ చెబుతున్నది.

3. చట్టం, నిబంధనలు: సంక్షిప్త నేపథ్యం

ఆధునిక భారతంలో పనిప్రదేశపు లైంగిక వేధింపుకు చట్టరూపం రావడం వెనుక కూడా ఒక శ్రామిక స్త్రీ పోరాటం ఉంది. రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో ‘సాథిన్’గా పనిచేసిన భంవరీ దేవి, భటేరీ గ్రామంలో బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైంది. ఆ నేపథ్యంలో మహిళాసంఘాలు వేసిన పిటిషన్‌పై 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలను ప్రకటించింది. పదహారేళ్ల తర్వాత 2013లో పనిప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ, నిషేధ, పరిష్కార చట్టం వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 9న అమలులోకి వచ్చింది. విద్యాసంస్థలు కూడా ఆ చట్టం చెప్పే పనిప్రదేశంలో భాగమే.

విశ్వవిద్యాలయాలకు సంబంధించి నిధుల సంఘం నియమించిన కార్యదళం 2013లో ‘సక్షమ్’ నివేదికను సమర్పించింది. తరువాత 2015 నిబంధనలు రూపొంది, 2016 మే నెలలో గెజిట్‌లో ప్రకటితమయ్యాయి. కాగితంమీద ఇవి బలమైన నిబంధనలే. ప్రాంగణమంటే తరగతి గది, వసతిగృహం మాత్రమే కాదని, క్షేత్రపర్యటనలు, విహారయాత్రలు, ఇంటర్న్‌షిప్‌లు, సాంస్కృతికోత్సవాలు, క్రీడాపోటీలు, రవాణా కూడా దానిలో భాగమేనని అవి నిర్వచించాయి. బయటివారు చేసే వేధింపును కూడా పరిధిలోకి తెచ్చాయి. ఫిర్యాదు చేసినవారికే కాక, వారికి తోడుగా నిలిచినవారికి కూడా ప్రతీకారం నుండి రక్షణ ఉండాలన్నాయి. ఉపకీచకుల సంగతి ఎరిగిన నిబంధన ఇది.

మరి ఇంత విస్తృతమైన నిబంధనలున్నా ఫిర్యాదు ఎందుకు ఆగిపోతున్నది? దీనికి సమాధానం ఫిర్యాదు చేయవలసిన క్షణంలో, చేయవలసిన భాషలో, చేయవలసిన మనిషి స్థానంలో వెతకాలి.

4. పేరు పెట్టడంలోని చిక్కు

తెలుగులో ఈ చర్యలకు వాడుకలో ఉన్న మాటలు తేలికైనవి. ఏడిపించడం, అల్లరి పెట్టడం, వెంటపడడం, సతాయించడం, కామెంట్ చేయడం. ‘ఏడిపించడం’ అనే మాటలో బాధ స్పష్టంగానే ఉంది. కాని చిన్నపిల్లలను ఆటపట్టించడానికి కూడా అదే మాట వాడడంవల్ల దాని తీవ్రత కరిగిపోయింది. మరోవైపు అధికారిక పదమైన ‘లైంగిక వేధింపు’ చాలా బరువైనది. వాడుకలో ‘వేధించడం’ అంటే పదేపదే పీడించడం. ఒక్కసారి జరిగిన చర్యను వేధింపు అనవచ్చా అని విద్యార్థిని సందేహిస్తుంది. చట్టం మాత్రం పేర్కొన్న చర్యలలో ఏ ఒక్కటైనా, ఒక్కసారి జరిగినా చాలునంటుంది. తేలిక మాటకూ బరువు మాటకూ మధ్య ఖాళీలో అనేక అనుభవాలు పేరు లేకుండా ఉండిపోతున్నాయి.

చట్టానికి ప్రాణం ‘అవాంఛితం’ అనే భావన. చర్య చేసినవాడి ఉద్దేశం ఏమైనా, అది ఎదుటివ్యక్తికి ఇష్టం లేనిదా కాదా అన్నదే అసలు ప్రశ్న. తెలుగు సామెత దీనికి ఎదురుగా నిలబడుతుంది. మౌనం అర్ధాంగీకారం అన్న సామెతను నమ్మే సమాజంలో, గురువు ముందు తలవంచుకొని నిలబడిన విద్యార్థిని మౌనం అంగీకారంగా లెక్కకు వస్తుంది. నిజానికి అధికార భేదమున్న చోట మౌనానికి అంగీకారం, భయం, మర్యాద అనే మూడు అర్థాలూ ఉండవచ్చు. విచారణ జరిపే కమిటీ సామెతతో ఆలోచిస్తే ఈ మూడింటినీ ఒక్కటి చేస్తుంది.

మర్యాద తెలుగు వ్యాకరణంలోనే ఉంది. అధ్యాపకుడి గురించి చెప్పేటప్పుడు “సార్ అన్నారు”, “సార్ చేయి పట్టుకున్నారు” అనే గౌరవ బహువచనం తప్పదు. తనను అవమానించిన వ్యక్తిని గౌరవవాచకంతోనే ప్రస్తావిస్తూ ఫిర్యాదు రాయవలసి రావడం ఒక వింత భారం. కోపంతో ‘వాడు’ అని రాస్తే ఆమె సంస్కారం చర్చకు వస్తుంది. ‘వారు’ అని రాస్తే బాధ తీవ్రత తగ్గినట్లు కనిపిస్తుంది. అందుకే చాలామంది “మిస్‌బిహేవ్ చేశారు” అనే అరువు మాట వెనుక దాక్కుంటారు. ఆ మాటలో సిగ్గు దాగుతుంది కాని వివరం కూడా దాగిపోతుంది. వివరం లేని ఫిర్యాదు విచారణలో నిలవదు.

దీనికి పరిష్కారం విద్యార్థినులకు ఆంగ్ల పరిభాష నేర్పడం కాదు. చట్టం ఫిర్యాదుకు ఏ భాషనూ విధించలేదు. రాయలేని స్థితిలో ఉన్నవారికి కమిటీ సభ్యులు రాతలో సహాయం చేయాలని కూడా చట్టం చెబుతున్నది. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరున్నారు, తర్వాత ఎవరికి చెప్పారు అనే సరళమైన తెలుగు ప్రశ్నలతో ఒక పత్రం ఉంటే, ఫిర్యాదు చేసే వ్యక్తి దానికి చట్టపరమైన పేరు వెతుక్కోనవసరం లేదు. పేరు పెట్టడం కమిటీ పని, జరిగింది చెప్పడం మాత్రమే ఆమె పని.

5. మూడు నెలల గడువు

ఘటన జరిగిన నాటి నుండి, వరుసగా జరిగితే చివరి ఘటన నుండి, మూడు నెలలలోగా లిఖితపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం నమోదు చేసి కమిటీ మరో మూడు నెలలకు మించకుండా గడువు పొడిగించవచ్చు. అంటే గరిష్ఠంగా ఆరు నెలలు. ఒక కార్యాలయ ఉద్యోగిని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించిన ఈ గడువును నిబంధనలు విశ్వవిద్యాలయానికి యథాతథంగా తెచ్చాయి.

విశ్వవిద్యాలయంలో కాలం మరో విధంగా నడుస్తుంది. సెమిస్టరు సుమారు ఆరు నెలలు. తనకు పాఠం చెప్పి, మార్కులు వేసే అధ్యాపకుడిపై ఫిర్యాదు చేయదలచిన విద్యార్థిని ఫలితాలు వచ్చేదాకా ఆగడం సహజం. ఫలితాలు వచ్చేసరికి గడువు ముగుస్తుంది. పరిశోధకురాలి విషయంలో అధికార సంబంధం ఏళ్ల తరబడి సాగుతుంది. సిద్ధాంత గ్రంథం సమర్పించేదాకా ఆమె నోరు విప్పలేదు.

గడువు ఎంత కఠినమైనదో 2025 సెప్టెంబర్ 12న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపింది. పశ్చిమ బెంగాల్‌లోని ఒక న్యాయ విశ్వవిద్యాలయంలో, ఉపకులపతిపై ఒక అధ్యాపకురాలు 2023 డిసెంబర్‌లో స్థానిక కమిటీకి ఫిర్యాదు చేశారు. ఆరోపించిన చివరి ఘటన 2023 ఏప్రిల్ నాటిది. గడువు దాటిందన్న కారణంతో ఫిర్యాదు తిరస్కరణకు గురైంది. ఆ తిరస్కరణను న్యాయస్థానం సమర్థించింది. ఆ తర్వాత ఆమెపై జరిగాయన్న పరిపాలనా చర్యలు లైంగిక వేధింపుకు కొనసాగింపు కావని కూడా భావించింది. అయితే ఆ ఉదంతాన్ని పూర్తిగా మరుగున పడనివ్వకుండా, తీర్పు విషయాన్ని ఉపకులపతి తన వ్యక్తిగత వివరపత్రంలో పేర్కొనాలని ఆదేశించింది.

చట్టపాఠం ప్రకారం తీర్పు అర్థమయ్యేదే. కాని దానిలోని అంతర్వైరుధ్యం విమర్శకులు గమనించవలసినది. విచారణకు అర్హం కాదన్న ఫిర్యాదు, వివరపత్రంలో నమోదుకు మాత్రం అర్హమైంది. గడువు అనే సాంకేతిక కారణం నిజానిజాల పరిశీలనకు అడ్డుపడినప్పుడు ఇరుపక్షాలకూ నష్టమే. ఫిర్యాదు చేసినామెకు విచారణ దక్కలేదు. నిందపడిన వ్యక్తికి నిర్దోషిత్వం నిరూపించుకొనే అవకాశమూ దక్కలేదు. అధికార సంబంధం ముగిసిన నాటి నుండి గడువు లెక్కించే సవరణ విద్యాసంస్థల విషయంలోనైనా అవసరమని ఈ ఉదంతం స్పష్టం చేస్తున్నది.

6. గైడ్ సంతకం

తెలుగు విశ్వవిద్యాలయాల వాడుకలో పరిశోధన పర్యవేక్షకుడు ‘గైడ్’. ఫెలోషిప్ కొనసాగింపు, ప్రగతి నివేదిక, క్షేత్రపర్యటన అనుమతి, వ్యాస ప్రచురణ, సిద్ధాంత గ్రంథ సమర్పణ, ఆపైన ఉద్యోగానికి కావలసిన సిఫారసు లేఖ: అన్నింటా గైడ్ సంతకమో, మాటో కావాలి. ఉద్యోగిని సంస్థ మారవచ్చు. పరిశోధకురాలు విషయం మార్చుకోలేదు. ఆ విషయంలో నిపుణుడు ఆ శాఖలో ఒక్కరే ఉండవచ్చు.

2015 నిబంధనలు ఈ సంగతిని గుర్తించాయి. పరిశోధక విద్యార్థులు ప్రత్యేకంగా నిస్సహాయ స్థితిలో ఉంటారని, పరిశోధన పర్యవేక్షణకు నైతిక మార్గదర్శకాలు ఉండాలని చెప్పాయి. విచారణ కాలంలో నిందపడిన వ్యక్తి ఫిర్యాదుదారు పనిని మూల్యాంకనం చేయకుండా నిరోధించవచ్చని, ఫిర్యాదుదారుకు మూడు నెలల వరకు సెలవు ఇవ్వవచ్చని, కమిటీ సిఫారసు చేస్తే ఇద్దరిలో ఒకరిని మరో విభాగానికి మార్చవచ్చని పేర్కొన్నాయి.

ఈ మాటల్లో ‘వచ్చు’ అనే ప్రత్యయం ఎక్కువ. ఇద్దరిలో ఎవరిని మార్చాలన్నది సంస్థ ఇష్టం. ఆచార్యుణ్ణి మార్చడం కష్టం, విద్యార్థినిని మార్చడం సులువు. సైరంధ్రిని ఊరు విడిచి వెళ్లమన్న విరాటుడి తర్కం ఇదే. మూడు నెలల సెలవు కూడా నిజానికి ఆమె పరిశోధనాకాలంలోనుంచే పోతుంది. పోయిన కాలాన్ని తిరిగి కలుపుతామని నిబంధన చెప్పదు.

పిహెచ్.డి. పట్టా ప్రదానానికి సంబంధించిన 2022 నిబంధనలను దీని పక్కన పెట్టి చదవాలి. వాటి ప్రకారం ప్రతి పరిశోధకుడికీ ఒక పరిశోధన సలహాసంఘం ఉంటుంది. పర్యవేక్షకుడే దానికి సంధానకర్త. అంటే గైడ్‌తో సమస్య వస్తే చెప్పుకోవలసిన మొదటి వేదికను సమావేశపరిచేది ఆ గైడే. అవే నిబంధనలు, వివాహంవల్లగాని మరో కారణంవల్లగాని పరిశోధకురాలు మరోచోటికి వెళ్లవలసి వస్తే పరిశోధనను కొత్త సంస్థకు బదిలీ చేసుకోవచ్చన్నాయి. స్త్రీ సంస్థ మారడానికి వివాహం కారణం కావచ్చునని ఊహించిన రచన, వేధింపు కారణం కావచ్చునని పేరుపెట్టి చెప్పలేదు. ‘మరో కారణం’ అనే రెండు మాటలలో ఆ అనుభవమంతా ఇమిడిపోయింది. నిబంధనల రచనలో ఏది పేరుతో కనిపిస్తుంది, ఏది పేరు లేకుండా పోతుంది అన్నది కూడా అధికార భాషలో భాగమే.

7. కమిటీ స్వతంత్రత, రాజీ, అబద్ధపు ఫిర్యాదు

2015 నిబంధనల ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీకి ఆచార్య స్థాయికి తగ్గని మహిళ అధ్యక్షత వహించాలి. కళాశాలల్లోనైతే సహాచార్య స్థాయి చాలు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, స్వచ్ఛంద సంస్థ నుండి ఒక సభ్యులు, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి. ఉపకులపతి, రిజిస్ట్రార్, డీన్‌లు, శాఖాధ్యక్షులు సభ్యులు కారాదు. కొలువులో రాజే న్యాయమూర్తి అయితే ఏమవుతుందో తెలిసిన నియమమిది.

అయితే అధ్యక్షురాలిని నామినేట్ చేసేది కార్యనిర్వాహక అధికారే. కమిటీ నివేదికపై చర్య తీసుకోవలసిందీ ఆయనే. విద్యార్థి సంఘాల ఎన్నికలే జరగని విశ్వవిద్యాలయాలలో ‘ఎన్నికైన విద్యార్థి సభ్యులు’ అనే మాట కాగితానికే పరిమితమవుతుంది. 1999లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన జి.ఎస్.క్యాష్ అనే కమిటీ ఎన్నికైన ప్రతినిధులతో నడిచింది. 2017లో దాన్ని తొలగించి అంతర్గత ఫిర్యాదుల కమిటీని నియమించినప్పుడు చెలరేగిన వివాదానికి మూలం ఈ ప్రశ్నే: కమిటీ ఎవరికి జవాబుదారీ? నిబంధన కనీస ప్రమాణం కావలసింది పోయి, అంతకంటె మెరుగైన ఏర్పాటును తొలగించే సాధనం కావచ్చునని ఆ అనుభవం చూపింది.

రెండో అంశం రాజీ. ఫిర్యాదుదారు కోరితేనే రాజీ ప్రయత్నం జరగాలి. అది డబ్బు ప్రాతిపదికన ఉండకూడదు. చట్టం ఉద్దేశం స్పష్టమే. కాని తెలుగులో ‘రాజీ’ అనే మాటకు గ్రామ పంచాయితీల చరిత్ర ఉంది. రాజీ అంటే పెద్దమనుషులు కూర్చొని, ఇద్దరికీ నచ్చజెప్పి, చివరకు బలహీనులను సర్దుకొమ్మనడం. “నీ భవిష్యత్తు, మీ ఇంటి పరువు ఆలోచించుకో” అని ఒక సభ్యురాలు ఆప్యాయంగా చెప్పినా, విద్యార్థిని చెవికి అది పంచాయితీ తీర్పే. అధికార భేదం ఉన్నచోట కోరి చేసుకొనే రాజీ అరుదు. 2013లో జస్టిస్ వర్మ కమిటీ ఈ రాజీ ఏర్పాటును, అబద్ధపు ఫిర్యాదుకు శిక్ష అనే సెక్షన్‌ను కూడా విమర్శించింది. అయినా రెండూ చట్టంలో నిలిచాయి.

అబద్ధపు ఫిర్యాదుల విషయంలో 2015 నిబంధనలు మరో అడుగు ముందుకు వేశాయి. దురుద్దేశపూరిత ఫిర్యాదులకు శిక్ష ఉంటుందన్న సంగతిని సంస్థలన్నీ ప్రచారం చేయాలన్నాయి. రుజువు చేయలేకపోవడం మాత్రమే తప్పు కాదని, విచారణ లేకుండా దురుద్దేశం నిర్ధారించరాదని కూడా చెప్పాయి. మొదటి వాక్యం నోటీసు బోర్డు మీదికి సులువుగా ఎక్కుతుంది, రెండోది ఎక్కదు. రెండూ ఒకే అక్షరపరిమాణంలో, ఒకే చోట ముద్రించనంత కాలం ఈ నియమం రక్షణ కంటె హెచ్చరికగానే పనిచేస్తుంది.

ఒక మాట కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. 2016లో వచ్చిన సవరణ చట్టం 2013 చట్టంలోని ‘అంతర్గత ఫిర్యాదుల కమిటీ’ని ‘అంతర్గత కమిటీ’గా మార్చింది. పేరులోనుంచి ‘ఫిర్యాదు’ తొలగింది. సాంకేతికంగా ఇది చిన్న మార్పు. కొత్తగా చేరిన విద్యార్థినికి మాత్రం, బోర్డుమీద ‘అంతర్గత కమిటీ’ అని చదివితే అది ఏ పనికో తెలిసే అవకాశం లేదు.

8. సక్రమ విచారణ, బహిరంగ ప్రకటన

2017 అక్టోబర్‌లో భారతీయ అధ్యాపకులలో వేధింపులకు పాల్పడ్డారంటూ కొందరి పేర్లతో ఒక జాబితా సామాజిక మాధ్యమాలలో వెలువడింది. ఆరోపణల వివరాలు అందులో చాలావరకు లేవు. కొందరు స్త్రీవాద మేధావులు సక్రమ విచారణ పద్ధతిని కాపాడాలంటూ దాన్ని ఆక్షేపించారు. యువతరం పరిశోధకులు, ముఖ్యంగా దళిత బహుజన స్త్రీలు, ఆ విచారణ పద్ధతి తమకు ఎన్నడూ అందుబాటులో లేదని బదులిచ్చారు.

ఈ చర్చలో ఇరువైపులా సత్యం ఉంది. వివరం లేని ఆరోపణకు జవాబు చెప్పుకోలేని వ్యక్తి పరిస్థితి న్యాయమైనది కాదు. అలాగే, కొలువులో దారి మూసుకుపోయిన తర్వాతే ద్రౌపది వంటశాలకు వెళ్లిందన్నది మరువరాదు. బహిరంగ జాబితాను మాత్రమే తప్పుపట్టి, దానికి ముందున్న కొలువును వదిలేయడం అసంపూర్ణ విమర్శ.

విచారణ నాణ్యత ఫిర్యాదుదారుకూ అవసరమే. గోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఒక అధ్యాపకుడి తొలగింపు కేసులో 2023 మే 12న సుప్రీంకోర్టు, కమిటీ తొందరపాటుతో విచారణ ముగించి సహజ న్యాయసూత్రాలను పాటించలేదంటూ తొలగింపును రద్దుచేసి, విచారణను తిరిగి జరపమంది. ఫిర్యాదులు 2009 నాటివి. అంటే విచారణలో దొర్లిన లోపానికి ఫిర్యాదు చేసినవారు పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ మొదటికి రావలసి వచ్చింది. తొంభై రోజులలో విచారణ ముగించాలన్న నియమం మంచిదే. కాని శిక్షణ లేని సభ్యులకు ఆ నియమం ఆలస్యానికో, తొందరపాటుకో దారితీస్తుంది. చట్టపరిజ్ఞానం ఉన్న సభ్యులు, సక్రమంగా నమోదైన వాంగ్మూలాలు, ఇరుపక్షాలకూ తగిన అవకాశం: ఇవి నిందపడిన వ్యక్తికి ఇచ్చే రాయితీలు కావు. నివేదిక నిలబడడానికి పునాదులు.

క్రిమినల్ ఫిర్యాదు దారి కూడా వేరుగా తెరిచే ఉంది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 75వ సెక్షన్ లైంగిక వేధింపును నేరంగా పేర్కొన్నది. కమిటీకి ఫిర్యాదు చేసినంత మాత్రాన పోలీసులను ఆశ్రయించే హక్కు పోదు. డిగ్రీ మొదటి సంవత్సరంలో పద్దెనిమిదేళ్లు నిండని విద్యార్థులు కూడా ఉంటారు. వారి విషయంలో పోక్సో చట్టం వర్తిస్తుంది; తెలిసినవారు సమాచారం ఇవ్వడం ఆ చట్టం ప్రకారం విధి. ‘కళాశాల పరువు’ పేరిట లోపలే సర్దిచెప్పడం అక్కడ నేరమే అవుతుంది.

9. నివారణ: కాపలా, స్వేచ్ఛ

ప్రాంగణంలో వేధింపు వార్త రాగానే చాలా సంస్థలు తీసుకొనే మొదటి చర్య స్త్రీల వసతిగృహం తలుపులు ఇంకా ముందుగా మూయడం. 2015 నిబంధనలు దీన్ని స్పష్టంగా వారించాయి. భద్రత పేరిట స్త్రీల వసతిగృహాలకు పురుషులకు లేని వివక్షాపూరిత నియమాలు పెట్టరాదని, అతినిఘా రూపంలో వారి కదలికలను పరిమితం చేయరాదని అవి చెప్పాయి. వీధిదీపాలు, ప్రాంగణంలో నమ్మదగిన రవాణా, తగిన సంఖ్యలో శిక్షణ పొందిన మహిళా భద్రతా సిబ్బంది ఉండాలన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ బహుశా తక్కువగా చదువుతున్న భాగమిదే.

నివారణ పేరిట స్త్రీకే బాధ్యత అప్పగించే ధోరణి విద్యావంతుల భాషలో కూడా ఉంది. 2021 డిసెంబర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ అంతర్గత కమిటీ ప్రచురించిన ఒక అవగాహన సమావేశ ప్రకటన, మగ స్నేహితులతో హద్దురేఖ గీసుకోవడం అమ్మాయిలే తెలుసుకోవాలన్న అర్థంలో ఉండడంతో తీవ్ర విమర్శలకు గురైంది. కొలువులో నిలబడిన ద్రౌపదిని కంకుభట్టు మందలించిన మాటకూ దీనికీ దూరం ఎక్కువ లేదు. ఇద్దరిదీ దురుద్దేశం కాకపోవచ్చు. ఇద్దరూ తప్పు వ్యక్తిని ఉద్దేశించి మాట్లాడారు.

నిబంధనలలో ఒక వైరుధ్యాన్ని కూడా పేర్కొనాలి. పురుష విద్యార్థులు, తృతీయ లింగ విద్యార్థులు సైతం వేధింపులకు గురికావచ్చునని ఇవి గుర్తించాయి. కాని శీర్షికలోనూ, బాధితుల నిర్వచనంలోనూ స్త్రీలనే పేర్కొన్నాయి. కులం, ప్రాంతం, మతం, వైకల్యం నిస్సహాయతను పెంచుతాయని చెప్పాయి. కాని కమిటీ నిర్మాణంలో ఆ వర్గాల ప్రాతినిధ్యాన్ని విధించలేదు. మొదటితరం దళిత పరిశోధకురాలు ఎదుట తనలాంటివారు ఒక్కరూ లేని కమిటీ ముందు మాట్లాడడం ఎంత కష్టమో నిబంధన రాసినవారికి తెలుసు. రాతలో మాత్రం అది సూచనగానే మిగిలింది.

10. ముగింపు

పై చర్చనుండి తేలిన అంశాలు:

1. ఫిర్యాదు పత్రం తెలుగులో, జరిగినదాన్ని వరుసగా అడిగే ప్రశ్నల రూపంలో అన్ని శాఖలలో అందుబాటులో ఉండాలి. ఘటనకు చట్టపరమైన పేరు పెట్టే బాధ్యత కమిటీది.

2. విద్యార్థులు, పరిశోధకుల విషయంలో ఫిర్యాదు గడువును మూల్యాంకన సంబంధం ముగిసిన నాటి నుండి లెక్కించేలా చట్ట సవరణ జరగాలి. అప్పటివరకు, గడువు పొడిగింపునకు అధికార సంబంధాన్ని తగిన కారణంగా కమిటీలు గుర్తించాలి.

3. ఫిర్యాదు స్వీకరించిన వెంటనే పర్యవేక్షకుడి మార్పు పరిశోధకురాలి కోరికపై తప్పనిసరి కావాలి. పరిశోధన సలహాసంఘానికి తాత్కాలిక సంధానకర్తను నియమించాలి. కోల్పోయిన కాలాన్ని గడువుకు కలపాలి.

4. అబద్ధపు ఫిర్యాదు నియమాన్ని ప్రకటించే ప్రతిచోటా, రుజువు లేకపోవడం అబద్ధం కాదన్న వాక్యాన్ని కూడా ప్రకటించాలి.

5. కమిటీ సభ్యులకు విచారణ పద్ధతిలో శిక్షణ ఉండాలి. సభ్యత్వంలో సామాజిక వర్గాల ప్రాతినిధ్యం, నిజమైన విద్యార్థి ఎన్నిక ఉండాలి.

వీటిలో మొదటిది, నాలుగోది, శిక్షణ ఏర్పాటు కొత్త చట్టం లేకుండానే ఏ సంస్థ అయినా రేపే అమలు చేయగలిగినవి.

తెలుగు పాఠకులు కీచకుడి పేరును వందల ఏళ్లుగా గుర్తుంచుకున్నారు. ఆ కథలో నిండు కొలువులో నిలబడి న్యాయమడిగిన ఉద్యోగిని ఉన్నదని, ఆమె అడిగినప్పుడు అందరూ విన్నారని, ఎవరూ కదలలేదని గుర్తుంచుకోవడం అంతకంటె అవసరం. విశ్వవిద్యాలయంలో వేధింపు నివారణ దుర్మార్గుడి కోసం ఎదురుచూడడంతో మొదలు కాదు. ఫిర్యాదు వచ్చిన రోజున శాఖాధ్యక్షుడి గదిలో, సిబ్బంది గదిలో, వసతిగృహ వరండాలో ఉన్నవారు ఏమంటారన్నదానితో అది మొదలవుతుంది.